ముసల్దాన్ని నీళ్ళలోకి దించు

రేవు వీధి,
జూన్ 3

వదినకు నమస్కారాలు.

ఉత్తరం చూసి కంగారు పడకండి. మీ తమ్ముడు బాగానే ఉన్నాడు. నడుం తప్ప మిగతావన్నీ బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి, ముఖ్యంగా నోరు. ఫోన్ చేద్దామంటే అది ఆయన మంచం పక్కనే ఉంటుంది. చెవులు నడుంతో పాటు పడిపోలేదు కదా! అందుకే మీ కార్ఖానా అడ్రసుకి ఈ ఉత్తరం.

కిందటేడు ఆయన ముచ్చటపడి నలభై హెచ్‌పీ ఇంజిన్ కొన్నాడు. మొన్న మార్చిలో దాన్ని ఒక్కడే ఎత్తబోయి నడుం విరగ్గొట్టుకున్నాడు. ఆరు నెలలు కదలొద్దన్నాడు డాక్టరు. ఈ సరస్సులో వల వెయ్యకూడదన్న సంగతి మీకు తెలిసిందే. పడవ వెనక గాలాలు వదిలి లాక్కుంటూ పోవడమే ఇక్కడి వేట. ఆగస్టు ఆఖరుకి సీజన్ అయిపోతుంది. ఆలోపు పడవకి నలభై కిలోలు తూకం పడకపోతే, పడవ కట్టుకునే గుంజ తీసుకుని ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు. మన ఏడో గుంజ మీ తాతగారు స్వయంగా పాతినది. అది పోతే పడవ ఉండి ఏం లాభం? పెరట్లో బోర్లించి దానిమీద బట్టలారేసుకోవాలి.

"పోతే పోనీ" అంటాడు మీ తమ్ముడు. నేను పోనివ్వను. పదిహేనేళ్ళుగా ఆయన తెచ్చిన చేపలు కడిగి, కోసి, అమ్మినదాన్ని. పట్టలేనా? వారం నుంచి పడవ నేనే తీస్తున్నాను. తిప్పడం వచ్చింది, గట్టుకి చేర్చడం వచ్చింది. ఒక్కటే రావడం లేదు వదినా. దీన్ని నెమ్మదిగా నడిపించడం! ఇంజిన్ రేజు మొత్తం తగ్గించినా పరుగే. వెనక ఎరగా కట్టిన బొమ్మచేపలు నీళ్ళలో ఈదాల్సింది పోయి పైన కప్పల్లా గెంతుతున్నాయి. వాటిని చూసి అసలు చేపలు పారిపోతున్నాయో, నవ్వుకుంటున్నాయో తెలీదు.

ఎలా నెమ్మదించాలని ఆయన్నడిగితే "నీకెందుకే" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. మామయ్య కాలంలో కూడా కొన్నాళ్ళు పెద్ద ఇంజిన్ ఉండేదని విన్నాను. మీరు ఆ పడవలో పెరిగారు. ఆయన ఏం చేసేవారో గుర్తుంటే రాయండి. ఇంకేమీ అడగను.

మీ మరదలు

సంచుల కార్ఖానా, రెండో అంతస్తు,
జూన్ 11

మరదలికి,

ఉత్తరం అందింది. వాడి నడుం సంగతి విని బాధపడ్డాను. వేన్నీళ్ళ కాపడం పెట్టు.

మిగతాదానికి నేను చెప్పేదేమీ లేదు. నేను ఆ పడవ ఎక్కి ఇరవై ఆరేళ్ళు. ఇక్కడ నాకు కుట్టుమిషన్లు, కాన్వాసు గుడ్డ, ఇరవై మంది పనివాళ్ళు, వాళ్ళ తగాదాలు. నీళ్ళంటే కుళాయి నీళ్ళే. వాడే వద్దంటుంటే మధ్యలో నీకెందుకు ఈ తలనొప్పి? గుంజ పోయినంత మాత్రాన మనుషులు చచ్చిపోరు. నేను బతకలేదా?

మరీ అంత పట్టుదలగా ఉంటే గాలికి ఎదురుగా పోయి చూడు. గేరు వేస్తూ తీస్తూ చూడు. అంతకుమించి నాకు తెలీదు. ఆ సరస్సు కబుర్లు ఇంక నాకు రాయకు.

వదిన

మర్చిపోయాను. ఇంజిన్ పంకాకి రెక్కలు మూడా, నాలుగా? పడవ ఆ పద్దెనిమిది అడుగులేనా, పొడుగు పెంచాడా?

రేవు వీధి,
జూన్ 20

వదినా,

ఏమీ తెలీని మనిషి పంకాకి రెక్కలెన్నని అడగదు. మూడు రెక్కలు. పద్దెనిమిది అడుగులే. ఇప్పుడు చెప్పండి!

రాయొద్దన్నా రాస్తున్నాను, కోప్పడితే పడండి. మీరు చెప్పినట్టే గాలికి ఎదురుగా పోయాను. పోయినంతసేపూ బుద్ధిగా ఉంది. కానీ ఎంతసేపని పోతాను? సరస్సు అయిపోయింది. తిరిగొచ్చేటప్పుడు అదే గాలి వెనకనుంచి తోసి, ఎవరో తరుముతున్నట్టు ఇంటికి పంపింది. మర్నాడు గేరు వేస్తూ తీస్తూ నడిపాను. వేస్తే ఎగరడం, తీస్తే మునగడం, బొమ్మచేపకి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. పదోసారికి ఇంజిన్ ఆగిపోయి ఊరుకుంది.

మూడోరోజు సొంత తెలివి వాడాను. వెనక్కి నడిపాను! నెమ్మదిగానే పోయింది వదినా, నిజం చెప్పొద్దూ, నేననుకున్నట్టే పోయింది. వెనక అంచు మీదుగా నీళ్ళూ అంత చక్కగానూ లోపలికొచ్చాయి. మోకాలిదాకా వచ్చాక నాకు తెలివొచ్చింది. ఆ రోజునుంచి రేవులో నా పేరు రివర్సు.

గుంజల లెక్క చూసే రేవు పెద్ద గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడి, "ఎందుకమ్మా ఈ అవస్థ? ఆ గుంజ మా అల్లుడు చూసుకుంటాడులే" అన్నాడు, అదేదో నామీద జాలిపడుతున్నట్టు. నాకు ఒళ్ళు మండిపోయింది. "మీ అల్లుడికి గుంజ కావాలంటే కొత్తది పాతుకోమనండి. సరస్సు చుట్టూ బోలెడు బురదుంది" అన్నాను. నవ్విన వాళ్ళు కొందరు అప్పుడు ఆయన్ని చూసి నవ్వారు. అదొక్కటే ఆ రోజు నాకు దక్కింది.

మీ మాట ఎత్తితే మీ తమ్ముడేమన్నాడో తెలుసా? "అక్కకేం తెలుసే? దానికి నీళ్ళంటే భయం, అందుకే నాన్న పడవ మాన్పించాడు" అన్నాడు. నిజమేనా?

ఇంకొకటి. అత్తయ్య పోయేముందు ఒక మాట తరచూ చెప్పుకుని ఏడ్చేవారు. పడవ రేవు దాటగానే మామయ్య గొంతు గట్టుదాకా వినబడేదట, "ముసల్దాన్ని నీళ్ళలోకి దించు!" అని. రేవంతా అత్తయ్య వంక చూసి నవ్వేవాళ్ళట. నలభై ఐనా నిండకుండానే నన్ను ముసల్దాన్ని చేశాడు, పైగా నీళ్ళలోకి తొయ్యమన్నాడు అని ఆవిడకి చివరిదాకా ఆ కోపం పోలేదు. అది ఉత్త తిట్టేనా, ఇంకేమైనా ఉందా అందులో?

రివర్సు

సంచుల కార్ఖానా,
జూన్ 27

మరదలా,

భయమా? నాకా? ఆ మాట వాడు నీతో అన్నాడా?

సరే, విను. ముసల్దంటే మా అమ్మ కాదే పిచ్చిదానా. బక్కెట్టు! నీ ఉత్తరం చదివి మిషను ముందే నవ్వాను, తర్వాత ఏడుపొచ్చింది. నాన్న చెప్పుంటాడని నేనూ, నేను చెప్పుంటానని నాన్నా, మొత్తానికి అమ్మకి ఎవరం చెప్పలేదన్నమాట. ఒక బక్కెట్టు మీద అమ్మ అన్నేళ్ళు అలిగింది. ఇప్పుడు ఎవరికి చెప్పుకోను?

ఆ పేరు పెట్టింది నేనే. వెనకనుంచి చెయ్యి పట్టుకుని "నెమ్మదిగా నాయనా, నెమ్మదిగా" అంటూ పడవని లాగుతుంది కదా, అందుకని.

ఎలాగో చెప్తాను. ఒక్కటి చాలదు, రెండుండాలి. అడుగున బొటనవేలు పట్టేంత చిల్లులు ఐదు చొప్పున పొడు. చిల్లుల్లేకపోతే నీళ్ళ బరువుకి పట్టుకునే కమ్మి ఊడిపోతుంది. పడవ నడిమధ్యన కుడికొకటి, ఎడమకొకటి తాడు కట్టే కొక్కేలుంటాయి, వాటికి కట్టు. తాడు నాలుగడుగులు మించొద్దు. ఇది గుర్తుపెట్టుకో, పొడుగైతే వెనక్కి పోయి పంకాకి చుట్టుకుంటుంది. ఇంజిన్ గేరులో ఉంచి, రేజు తగ్గించి, రెండూ ఒకేసారి దించు.

వేగం సరిపోయిందో లేదో చూడ్డానికి పడవ ముక్కు దగ్గర ఒక చెక్కముక్క నీళ్ళలో పడేసి లెక్కపెట్టు. అది వెనక అంచు దాటేసరికి ఆరు రావాలి. మూడొస్తే పరిగెడుతున్నావు. తొమ్మిదొస్తే నిద్రపోతున్నావు. ఆరు!

ఇదంతా నాకెలా తెలుసంటావేమో. నాన్న ఆ పెద్ద ఇంజిన్ తెచ్చిన ఏడాది నాకు ఇరవై. నెలరోజులు ఒక్క చేప పడలేదు. నీళ్ళు తోడే బక్కెట్టు ఒకరోజు నా చేతిలోంచి జారి, తాడుతో సహా పక్కన వేళ్ళాడింది. పడవ ఒక్కసారి మందగించింది. నేను చూశాను. నాన్న చూడలేదు. మర్నాడు రెండు బక్కెట్లకి చిల్లులు పొడిచింది నేను, ఆరు లెక్క కట్టింది నేను. మూడు వారాలు చేపలే చేపలు. రేవంతా వచ్చి అడిగితే నాన్న ఏం చెప్పాడో తెలుసా? "మావాడి బుర్ర" అన్నాడు. వాడికప్పుడు పదమూడు. ముందు కూర్చుని ఈల వేసుకునేవాడు. ఆ వారమే నాన్న నాతో, "పెళ్ళి కావలసినదానివి, రేపట్నించి పడవ దగ్గరికి రాకు" అన్నాడు. రేవులో భయమని చెప్పుకున్నారు కాబోలు. ఇవాళ తెలిసింది నాకు.

వాడు గోడవైపు తిరిగింది పంతంతో కాదు. వాడికి రాదు. ముందు కూర్చుని ఈల వేసుకున్నవాడు, వెనక మేం ఏం చేసేవాళ్ళమో ఎప్పుడైనా తిరిగి చూశాడా? నాన్న పోయాక చిన్న ఇంజిన్ పెట్టుకున్నాడు, దానికి ముసల్దానితో పని లేదు. అందుకే ఇన్నేళ్ళు బయటపడలేదు. ఈ మాట మాత్రం వాడితో అనకు.

నలభై కిలోలు తే. ఆ అల్లుడికి గుంజ దక్కనివ్వకు.

వదిన

రేవు వీధి,
జూలై 12

వదినా,

అనేశాను. క్షమించండి, నా కడుపులో మాట దాగదు.

ఎలా జరిగిందో వినండి. ఇంట్లో ఉన్నవి రెండే బక్కెట్లు, ఒకటి స్నానాలది. దాని జోలికి పోకుండా ముందు ఒక్కదానితోనే వెళ్ళాను. పడవ గానుగెద్దులా ఒకచోటే గుండ్రంగా తిరిగింది. గట్టు మీద చప్పట్లు కొట్టారు. మర్నాడు పళ్ళు నూరుకుంటూ స్నానాల బక్కెట్టుకీ చిల్లులు పొడిచేశాను.

రెండూ దించాను వదినా. పడవ ఆయాసం తీర్చుకున్నట్టు ఆగి, మెల్లగా కదిలింది. చెక్కముక్క వేశాను. ఒకటి, రెండు, మూడు... ఆరు! నేను గట్టిగా అరిచానట, రేవుదాకా వినబడిందట. కాసేపటికే గాలం కర్ర వంగింది. ఐదు కిలోలు! ఆ వారంలో ఇంకో మూడు పడ్డాయి, మొత్తం పదకొండు కిలోలు. ఆ తర్వాత కమ్మి ఊడి ఒకటి, మర్నాడే రెండోది, ముసలాళ్ళిద్దరూ సరస్సు అడుక్కి పోయారు.

ఇంటికొస్తే మీ తమ్ముడు, "స్నానాల బక్కెట్టు ఏదే?" అన్నాడు.

"సరస్సులో ఉంది."

"అక్కడేం పని దానికి?"

"నీకు రాని పని చెయ్యడానికి" అన్నాను.

అంతే. మూడోనాడు తనంతట తనే చెప్పాడు. పెద్ద ఇంజిన్ వచ్చిన దగ్గర్నుంచి ఆయనకి సరిగా ఒక్క చేప పడలేదట. కిందటేటి తూకం అంతకుముందే, చిన్న ఇంజిన్‌తో నిండిందట. సరస్సులో చేపలు అయిపోయాయని నాతో చెప్తూ వచ్చాడు, నేనూ నమ్మాను. పొద్దున్నే సర్రున వెళ్ళి సరస్సంతా చుట్టి, ఎవరికీ కనబడకుండా అవతలి గట్టున కూర్చుని వచ్చేవాడట. అదంతా ఒక ఎత్తు. గుంజ వదిలేస్తానని రేవు పెద్దకి మాట కూడా ఇచ్చేశాడట, మే నెలాఖరులోనే! నేను పడవ నేర్చుకుంటూ నీళ్ళు మింగుతున్న రోజుల్లో!

నేను అరవలేదు. "నన్నడక్కుండా ఇచ్చిన మాట నన్నడక్కుండానే వెనక్కి తీసుకో" అన్నాను. సాయంత్రం రేవు పెద్ద కాగితం పట్టుకుని సంతకానికి వచ్చాడు. మీ తమ్ముడు పెన్ను అందుకున్నాడు. కాగితం నేనందుకున్నాను. నాలుగు ముక్కలు చేసి రేవు పెద్ద చేతికే ఇచ్చాను. "ఆగస్టు ఆఖరుదాకా సీజన్ ఉంది. ఈలోపు మా గుమ్మం తొక్కకండి" అన్నాను.

ఇంకా ఇరవై తొమ్మిది కిలోలు కావాలి. ఊళ్ళో గట్టి బక్కెట్టు ఎక్కడా లేదు. అన్నీ ప్లాస్టిక్‌వి, చూస్తేనే విరిగిపోతాయి. ఏం చెయ్యను?

మరదలు

సంచుల కార్ఖానా,
జూలై 19

మరదలా,

దీంతోపాటు పార్సిల్ వస్తుంది. ముసలాళ్ళిద్దరూ కొత్త చీరలు కట్టుకుని వస్తున్నారు.

దళసరి కాన్వాసు సంచులు, రెండు వరసల కుట్టు. నోటి దగ్గర ఇనుప రింగు, తోక దగ్గర బిగించుకునే తాడు పెట్టాను. తోక బిగిస్తే పడవ ఇంకా మందగిస్తుంది, వదులు చేస్తే కొంచెం పరిగెడుతుంది. గాలినిబట్టి చూసుకో. ఇవి చిరిగితే నా పేరు మార్చుకుంటాను. మేనేజరు చూసి, "అడుగు లేని సంచి ఎవరు కొంటారమ్మా?" అన్నాడు. "మా మరదలు" అన్నాను.

వాడితో అనేశావు కదా, సరే. మంచిదే అయిందేమో. మరీ ఎక్కువ తిట్టకు, కొంచెం తిట్టు. పదమూడేళ్ళ పిల్లాడి నెత్తిన నాన్న ఆ అబద్ధం పెట్టాడు. దించుకోవడం తెలీక ఇన్నేళ్ళూ మోశాడు వెధవ. నాకు వాడి మీద కోపమే. కానీ ఆ ఈల ఇప్పటికీ చెవుల్లో ఉంది.

నువ్వు కాగితం చింపావని చదివి, మధ్యాన్నం అన్నం రెండుసార్లు వడ్డించుకున్నాను.

వదిన

రేవు వీధి,
ఆగస్టు 21

వదినా,

నలభై రెండు కిలోలు!

గబగబా రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకోండి. మీ కాన్వాసు ముసలమ్మలకి ఒక్క కుట్టు తెగలేదు. గాలి ఎటున్నా ఆరే. రోజూ పొద్దున్నే వెళ్ళడం, ఒకటో రెండో తేవడం, తూకం చీటీ తీసుకోవడం. నిన్న ఆరున్నర కిలోలది పడింది. దాంతో నలభై దాటాను. చీటీలన్నీ పట్టుకుని రేవు ఆఫీసుకి వెళ్ళాను.

రేవు పెద్ద చీటీలు రెండుసార్లు కూడి చూశాడు. తప్పు దొరకలేదు. అప్పుడు పెద్ద పుస్తకం తెరిచి, "పడవ నడిపినవారు" అన్న గడిలో మీ తమ్ముడి పేరు రాయబోయాడు.

"ఆగండి. నడిపింది నేను" అన్నాను.

"తెలుసమ్మా. కానీ గుంజ మీకే ఉంటుంది కదా, ఎవరి పేరైతే ఏం? ఈ పుస్తకంలో ఇంతవరకు ఆడవాళ్ళ పేరు రాయలేదు."

"రాయలేదా, రాయకూడదా?"

"రాయలేదు."

"అయితే ఇవాళ రాయండి."

ఆయన పెన్ను మూసేశాడు. "నీ పేరే రాయాలంటే రేవు కమిటీ కూర్చోవాలి. కమిటీ కూర్చునేది సీజన్ అయ్యాక. అప్పటికి గడువు దాటిపోతుంది, గుంజ పోతుంది. ఆయన పేరంటే ఇప్పుడే రాసేస్తాను. ఆలోచించుకో" అన్నాడు, నెమ్మదిగా, ముద్దు చేస్తున్నట్టు.

అబద్ధం చెప్పను వదినా, ఒక్క క్షణం ఆలోచించాను. ఒక్క పేరు కోసం తాతగారి గుంజ పోగొట్టుకోవడం పొగరు కాదా అనిపించింది. అప్పుడు మీరు గుర్తొచ్చారు. మీ పేరు రాయాల్సిన చోట ఇంకొకరి పేరు చెప్పిన రోజు ఈ గుంజ నిలబడే ఉంది. మీరే లేకుండా పోయారు.

"నా పేరు రాస్తే రాయండి. లేకపోతే గుంజ మీ చేత్తో పీకండి, ఇప్పుడే, అందరూ చూస్తుండగా" అన్నాను. అప్పటికే గుమ్మం నిండా జనం.

వాళ్ళ మధ్యలోంచి మీ తమ్ముడు వచ్చాడు. రెండు కర్రలు పట్టుకుని. ఐదు నెలలుగా మంచం దిగని మనిషి, వీధి చివరిదాకా నడిచొచ్చాడు. చెమటలు కారుతున్నాయి. రేవు పెద్ద ముఖం వెలిగింది. "రావయ్యా. మీ ఆవిడకి నువ్వైనా చెప్పు" అన్నాడు.

మీ తమ్ముడు నా వంక చూడలేదు. జనం వంక చూశాడు. "నాకు ఆ పడవ నెమ్మదించడం రాదు. ఎప్పుడూ రాదు. చిన్నప్పుడు కనిపెట్టింది నేను కాదు, మా అక్క. మా నాన్న అబద్ధం చెప్పాడు, నేను ఊరుకున్నాను. ఈ చేపలు పట్టింది మా ఆవిడ. నా పేరు రాస్తే అది దొంగలెక్క, నేనే కమిటీకి ఫిర్యాదు చేస్తాను" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. మూడో గుంజ ముసలాయన ఒక్కడు మాత్రం, "రాయవయ్యా, చేపలు చెడిపోతున్నాయి" అన్నాడు.

రాశాడు. నా పేరు, పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. పక్కన ఇంకో గడి ఉంది, "తోడున్నవారు" అని. దాంట్లో మీ పేరు రాయమన్నాను. మీ తమ్ముడే చెప్పి రాయించాడు.

ఆయన్ని ఇంటికి తీసుకొచ్చేసరికి నా భుజం ఊడిపోయింది. ఇప్పుడు పడుకున్నాడు. గోడవైపు కాదు, ఇటువైపే.

మరదలు

సంచుల కార్ఖానా,
ఆగస్టు 24

మరదలా,

ఉత్తరం నాలుగుసార్లు చదివాను. పక్క మిషను ఆవిడకి ఒకసారి, మేనేజరుకి ఒకసారి చదివి వినిపించాను కూడా. తమ్ముడి మాటలు మాత్రం వాళ్ళకి రెండేసిసార్లు చదివాను.

కానీ ఆ రెండో గడిలో నా పేరు కొట్టేయించు.

కోపం కాదు. ఈ సీజన్లో నేను ఒక్కరోజూ ఆ పడవలో లేను. లేనివాళ్ళ పేరు చెప్పడం నాన్న చేసిన పని. అది మనం చెయ్యొద్దు. ఎంత ప్రేమతోనైనా వద్దు.

సీజన్ ఇంకా వారం ఉంది. మూడు రోజులు సెలవు కావాలన్నాను. ఆర్డర్లున్నాయి, కుదరదన్నాడు మేనేజరు. నేను అడగడం లేదు, చెప్తున్నాను అన్నాను. బుధవారం పొద్దున్న మొదటి బస్సుకి దిగుతాను. పడవ నడిపేది నువ్వే, నేను ముందు కూర్చుని లెక్కపెడతాను. రేవు పెద్దకి చెప్పు, ఆ గడి ఖాళీగా ఉంచమను. తిరిగొచ్చాక నా పేరు నేనే రాసుకుంటాను.

వదిన